ఎడమ వెనక చక్రం

జూన్ 4

గిలకా,

ఇలాంటి వార్త ఫోన్‌లో చెప్పొద్దని మీ నాన్నకి నువ్వైనా చెప్పు. నిన్న ఆయన అరిచి అరిచి చెబితే నా చెవికి అందినవి రెండే ముక్కలు: "గిలక", "బండి". నిన్నేదో బండి గుద్దేసిందనుకున్నాను. చివరికి ఆయనే ఇంటికొచ్చి, కరెంటు బిల్లు వెనక రాసి చూపించాడు: "అంగారకుడి మీద తిరిగే బండిని ఇకమీదట మన గిలకే నడుపుతుందట."

కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మీ నాన్న మంచినీళ్ళిచ్చాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆ ఎడమ సీట్లో కూర్చుని ఎంతమందికి డ్రైవింగ్ నేర్పానో నాకే లెక్కలేదు. ఒకామె అంబులెన్స్ నడుపుతోంది. ఒకాయన నలభై టన్నుల ట్రైలర్ మీద ఉన్నాడు. భూమి దాటినదానివి మాత్రం నువ్వొక్కదానివే. రివర్స్‌లో మా డ్రైవింగ్ స్కూలు గేటు స్తంభాన్ని పడగొట్టినదానివీ నువ్వొక్కదానివేలే.

మీ ఆఫీసువాళ్ళు బండి తీసే ఫొటోలన్నీ ఏ రోజువి ఆ రోజు అందరూ చూడ్డానికి పెడతారట కదా. మీ నాన్న పాత కంప్యూటర్ తెచ్చి బిగించి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. ఈ మధ్య నాకు కాస్త తీరిక కూడా దొరికింది. రోజూ చూస్తాను.

స్టీరింగ్ గట్టిగా ఉందా, తేలిగ్గా ఉందా? రోజుకెన్ని కిలోమీటర్లు పోతుంది? అద్దాలు సరిచూసుకోకుండా బయల్దేరకు.

అత్త


జూన్ 8

అత్తా,

నీ ఉత్తరం డ్యూటీ దిగాక బస్సులో చదివి పైకే నవ్వేశాను. పక్కనున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది.

స్టీరింగ్ లేదత్తా! అద్దాలూ లేవు. ఇక్కడ్నుంచి మాట అక్కడికి చేరడానికే పావుగంట పైన పడుతుంది. ఎదురుగా రాయి ఉందని నేను చూసేసరికి బండి దాన్ని ఎక్కేసి ఉంటుంది. అందుకని అక్కడ తెల్లారేసరికి ఆ రోజు చేయాల్సిన పనంతా చీటీ రాసిచ్చినట్టు పంపేస్తాం: ఇంత దూరం పో, ఇంత తిరుగు, ఆగు, ఫొటో తియ్యి. అది చేసుకుపోతుంది. సాయంత్రానికి ఏం చేసిందో చెబుతుంది. మా పని చీటీ రాయడం, తర్వాత గోళ్ళు కొరుక్కోవడం. అక్కడి రోజు మన రోజుకన్నా నలభై నిమిషాలు పొడుగు. అందుకని నా డ్యూటీ కూడా రోజూ నలభై నిమిషాలు జరుగుతూ పోతుంది. ఈ వారం నా టిఫిన్ వేళకి ఊరంతా భోంచేస్తోంది.

నిన్న ముప్పై ఒక్క మీటర్లు నడిపాను. కిలోమీటర్లు కాదు, మీటర్లు. నవ్వకు.

ఇప్పుడు అసలు విషయం. మా బండి ఎండతో నడుస్తుంది. అక్కడ శీతకాలం వస్తోంది, సూర్యుడు రోజురోజుకీ కిందికి దిగుతున్నాడు. ముందు ఒక గుట్ట ఉంది. దాని ఉత్తరపు వాలు మీదికి చేరితే బండి మీది సౌర పలకలు ఎండకి ఎదురుగా నిలబడి, శీతకాలమంతా బండి బతుకుతుంది. జూలై 10 లోపు చేరాలి. లేదంటే బ్యాటరీ గడ్డకట్టి మళ్ళీ లేవదు. ఇంకా తొమ్మిది వందల మీటర్లుంది. ఇది అక్కడ దిగి ఐదేళ్ళయింది. ఐదేళ్ళు బతికినదాన్ని నా చేతుల్లో పోగొడతానేమోనని అన్నం సహించడం లేదు. అయినా ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

ఒక్కళ్ళమే చీటీ రాయకూడదు, ఇద్దరు చేయాలి. నాకు దొరికిన జోడీ చాలా మంచివాడు. నా తప్పు పట్టుకుంటే కోప్పడడు, పెన్ను నా చేతికే ఇచ్చి "మళ్ళీ చూడమ్మా" అంటాడు.

నీ గిలక


జూన్ 12

గిలకా,

ముప్పై ఒక్క మీటర్లా! నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో అందరికన్నా భయస్తురాలు భయపడుతూ వెనక్కి పోయినా అంతకన్నా ఎక్కువ దూరం పోతుంది. సరే, నవ్వను. గోడ మీద తెల్ల చార్టు అంటించాను. తొమ్మిది వందల మీటర్లకి తొంభై సెంటీమీటర్ల గీత గీశాను. రోజూ మీరు పోయినంత మేర ఎర్ర పెన్సిల్‌తో దిద్దుతున్నాను. నిన్న మీరు నలభై నాలుగు పోయారు! ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. పేపరు వేసే ఆయన, కింద వాటాలో ఉండే కుట్టుపని ఆవిడ కూడా చార్టు చూడ్డానికొస్తున్నారు. ఆవిడకి పుట్టినప్పట్నుంచీ వినిపించదు. అందుకని మేమిద్దరం చేతులతో బాగానే కబుర్లాడుకుంటాం.

నీ జోడీ గురించి చదివాను. ఇంత పెద్ద విషయం ఉత్తరం చివర్లో తోకలా తగిలిస్తావా! పెన్ను నీ చేతికే ఇచ్చే మనిషి దొరకడం మాటలా? మీ నాన్నతో చెప్పేశాను. ఆయన సాయంత్రానికల్లా జుట్టు కత్తిరించుకుని వచ్చాడు.

ఇంకొక్క సంగతి. వెనక్కి తిరిగి తీసిన ఫొటోల్లో మీ బండి జాడలు చూస్తున్నాను. కుడివైపు గాడి అంచులు తెగకోసినట్టు ఉన్నాయి. ఎడమవైపుది కాస్త వెడల్పు. దాని బయటి అంచున మట్టి కట్టలా లేచింది. ఏదో ఒక చక్రం వంకరగా నిలబడి ఈడ్చుకుంటూ పోతే అలా అవుతుంది. వెనకదే అయుంటుంది, ఎందుకంటే ఆ గుర్తు అన్నిటికన్నా పైన పడింది. బండి ఎడమకి లాగుతూ ఉండాలే? అలైన్‌మెంట్ చూపించండి.

అత్త


జూన్ 16

అత్తా,

నాన్న మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. నా జోడీతోనే మాట్లాడాడు. "అబ్బాయి ఏ ఊరు, మీ పెద్దవాళ్ళెవరు" అని అడిగాడట. అత్తా, ఆయనకి అరవై ఒకటి! ముగ్గురు మనవరాళ్ళు! మేమందరం ఆయన్ని తాతగారనే పిలుస్తాం. ఆయన పడీ పడీ నవ్వి ఆఫీసంతా చెప్పాడు. రెండు రోజులుగా ఎవరికీ మొహం చూపించలేకపోతున్నాను.

చక్రం సంగతి. ప్రతి చక్రానికీ అది ఎంత తిరిగి ఉందో చెప్పే కొలత ఉంటుంది. ఎడమ వెనకది సున్నా చూపిస్తోంది, అంటే తిన్నగా ఉన్నట్టే. బండి ఎడమకి జారుతున్న మాట నిజమే. కానీ అది నేల వాలు వల్ల. ఆ లెక్క నేను రోజూ కడుతూనే ఉన్నాను. ఇక్కడ నలభై మందిమి చూస్తున్నాం. ఇది నీ ట్రైనింగ్ కారు కాదత్తా.

పని చాలా ఉంది. ఉంటాను.

గిలక


జూన్ 20

మేడమ్ గారికి,

తమరి ఉత్తరం అందింది. తాతగారికి నా క్షమాపణలు చెప్పగలరు. మీ నాన్నగారు అప్పట్నుంచీ మా ఇంటి ఛాయలకి రావడం లేదు.

నలభై మంది చూస్తున్న చోట నలభై ఒకటో మనిషి అవసరం లేదని అర్థమైంది. ట్రైనింగ్ కార్ల గురించి తప్ప ఇకపై వేరే సంగతులు రాయను. ఆ కార్ల గురించి రాయడానికి కూడా ప్రస్తుతం ఏమీ లేదు.

ఇట్లు,
తమ మేనత్త


జూన్ 21

అత్తా,

బండి కూరుకుపోయింది.

నిన్న నేను రాసిన చీటీయే. రెండు ఇసుక దిబ్బల మధ్య నుంచి సన్న దారి ఉంది. వాలు లెక్క కట్టి, జారేదానికి సరిపడా కుడివైపుకి మళ్ళించి పంపాను. సాయంత్రం ఫొటో వచ్చింది. బండి దారిలో లేదు. ఎడమ దిబ్బలోకి దిగిపోయి ఉంది, ఎడమ వెనక చక్రం సగానికి పైగా ఇసుకలో. మా బృందాన్ని నడిపే పెద్దావిడ నా దగ్గరికొచ్చి మెల్లగా, "రెండు రోజులు బల్ల దగ్గర వేరేవాళ్ళని కూర్చోనిద్దాం. ఇంటికెళ్ళి పడుకో" అంది. తిట్టినా బాగుండేది.

నాలుగు వందల పది మీటర్లు మిగిలింది. పందొమ్మిది రోజులే ఉన్నాయి. నేను లెక్క ఎక్కడ తప్పానో నాకే తెలియడం లేదు. కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను.

నాన్న ఫోన్ చేశాడు. మాటల్లో "అత్త పగలంతా ఇంట్లోనే ఉంటోంది" అన్నాడు. ఒంట్లో బాగాలేదా? నాకెందుకు చెప్పలేదు? నా మీద కోపంతోనా?

గిలక


జూన్ 24

గిలకా,

నేను ఇరవయ్యో తేదీన రాసిన ఉత్తరం ఈపాటికి చేరే ఉంటుంది. దాన్ని చించెయ్యి. అది రాసిన మనిషి మీద నాకూ కోపంగానే ఉంది.

ఇది కొరియర్‌లో పంపుతున్నాను. ఈమెయిల్ చేద్దామని మీ నాన్న అన్నాడు (వచ్చాడు, రాజీ అయింది). కొలతలు ఎక్కడ మారిపోతాయోనని నేనే వద్దన్నాను. లోపల పదకొండు ట్రేసింగ్ కాగితాలున్నాయి. ఫొటోలు చూడ్డం మానలేదే నేను. పదకొండు రోజుల జాడల్ని అచ్చు తీయించి, పైన కాగితం పెట్టి, గాడి అంచులు దిద్దాను. కుట్టుపని ఆవిడ పట్టుకోమంటే కదలకుండా పట్టుకుంది. సన్నగీతలు ఆవిడవే, నా చెయ్యి వణుకుతుంది. రెండు గాడులనీ పక్కపక్కన కొలిచి కింద అంకెలు వేశాను. ప్రతి రోజూ ఎడమదే వెడల్పు.

ఇప్పుడు పదమూడో తేదీది తీసి చూడు. ఆ రోజు మీ బండి బల్లపరుపు రాతి మీద, పల్చటి దుమ్ములో పోయింది. వాలు లేదు. జారడానికి ఏమీ లేదు. అయినా ఎడమదే వెడల్పు, బయటి అంచున అదే మట్టి కట్ట.

నీ లెక్క తప్పలేదు. వాలుకి సరిపడా నువ్వు మళ్ళించావు. వంకర చక్రానికి సరిపడా ఎవరూ మళ్ళించలేదు. ఆ కొలతే తప్పు చెబుతుంటే నలభై మందీ ఏం చేస్తారు? బండి చెప్పింది నమ్మారు.

ఇక నా సంగతి. ఒంట్లో బాగానే ఉంది. ఏప్రిల్‌లో ఒకబ్బాయికి నేర్పుతుంటే వెనక లారీ హారన్ కొట్టింది. నాకు వినిపించలేదు. ఏమీ కాలేదు, నేను అద్దంలో ముందే చూసి పక్కకి తప్పించాను. కానీ వాళ్ళ నాన్న వెళ్ళి స్కూలు ఓనర్‌తో చెప్పాడు. "మీరిక ఆఫీసులో కూర్చోండమ్మా" అన్నాడు ఓనర్. కూర్చోలేక ఇంటికొచ్చేశాను. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. కాబట్టి సీటు నుంచి లేపేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు రెండు రోజులకే మంచమంతా కాగితాలు పరుచుకున్నావు. నేను రెండు నెలలు పడక్కుర్చీలో నన్నే పరుచుకున్నాను.

లేచి ఆ కాగితాలు తీసుకెళ్ళు. ఇసుకలో ఉన్నప్పుడు గట్టిగా తిప్పకండి, ఇంకా దిగుతుంది. కొంచెం కొంచెంగా, వచ్చిన దారినే వెనక్కి.

అత్త


జూన్ 29

అత్తా! అత్తా! అత్తా!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా చెబుతాను, ఆగు.

కొరియర్ ఇరవై ఐదున పొద్దున వచ్చింది. పదమూడో తేదీ కాగితం చూడగానే చెప్పులు ఒకటి నాది, ఒకటి నా రూమ్మేట్‌ది వేసుకుని ఆఫీసుకి పరిగెత్తాను. తాతగారి ముందు పదకొండూ పరిచాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఒక్కొక్కటీ చూశాడు. "ఎవరు గీశారమ్మా ఇవి?" అన్నాడు.

"మా అత్త."

"నాకు సంబంధం చూసిన అత్తేనా?"

"ఆవిడే."

"కుర్చీ లాక్కో" అన్నాడు.

మా పెద్దావిడ అరగంట విని, "కొలతని అడగడం ఆపండి. కళ్ళతో చూడండి" అంది. బండికి మెడ మీద కెమెరా ఉంది. దాన్ని కిందికి వంచి ఎడమ వెనక చక్రాన్నే ఫొటో తీయమని పంపాం. సాయంత్రం వచ్చింది. సగం ఇసుకలో ఉన్నా పైభాగం స్పష్టంగా కనిపిస్తోంది. ఐదు డిగ్రీలు లోపలికి తిరిగి ఉంది! కొలత మాత్రం హాయిగా సున్నా చూపిస్తోంది. మే నెలలో ఒక రాయి ఎక్కి దిగాం, అప్పుడే దెబ్బతిని ఉంటుందని అనుకుంటున్నాం. దాన్ని ఐదు డిగ్రీలు బయటికి తిప్పమన్నాం. తిరిగింది. అప్పుడు నువ్వన్నట్టే, వచ్చిన గాడిలోంచే వెనక్కి. మొదటి రోజు నాలుగు సెంటీమీటర్లు. రెండో రోజు నలభై. నిన్న ఒక్కసారిగా ఆరు మీటర్లు! ఇసుకలోంచి బయటపడ్డాం!

నేను మళ్ళీ బల్ల దగ్గరున్నాను.

ఇప్పుడు మేం పంపే ప్రతి చీటీలోనూ ఆ ఐదు డిగ్రీల సవరణ రాయాలి. దానికొక పేరు పెట్టాలి కదా, తాతగారు "అత్త" అని పెట్టేశాడు. నిన్న చీటీ పంపే ముందు మా పెద్దావిడ గది అంతా వినిపించేలా అడిగింది: "అత్తని వేశారా?" నలభై మందీ ఒక్కసారే, "వేశాం!"

ఇది నీ ట్రైనింగ్ కారు కాదని నిన్ను వెక్కిరించాను. ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. క్షమించత్తా.

ఇసుక చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి ఇంకా నాలుగు వందల ఇరవై మీటర్లు. పదకొండు రోజులు. ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. మరి నువ్వు? నువ్వు ఎన్నాళ్ళు ఆ పడక్కుర్చీలో కూర్చుంటావు?

నీ గిలక


జూలై 4

ఒసే గిలకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మీ నాన్నకిచ్చి ఆయన చదువుతుంటే మొహం చూశాను. కుట్టుపని ఆవిడకి "అత్తని వేశారా" సంగతి చేతులతో చెప్పేసరికి ఆవిడ నవ్వలేక గోడకానుకుంది. అంగారకుడి మీద చక్రాలు తిప్పే అత్తనట నేను! ఇంతకాలం వంటగదిలో కుళాయి కూడా నా మాట వినలేదు.

పడక్కుర్చీ గురించి అడిగావు. లేచాను. లైసెన్సులు ఇచ్చే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి అధికారి ముందు పలక పెట్టి, "మీరు రాయండి, నేను నోటితో జవాబు చెబుతాను" అన్నాను. వినిపించనివాళ్ళు బండి నడపకూడదని, నేర్పకూడదని ఎక్కడైనా రాసుందా అని అడిగాను. ఆయన పుస్తకాలు తిరగేసి, ఎవరినో పిలిచి, మళ్ళీ తిరగేసి, "లేదు" అని రాశాడు. కింద ఇంకో వాక్యం: "పరీక్ష పెడతాను. పాసైతే రాసిస్తాను." తొమ్మిదో తేదీన పరీక్ష. ఇరవై ఆరేళ్ళు ఇతరులని పరీక్షకి పంపి చెట్టు కింద నిలబడినదాన్ని, ఇప్పుడు నేనే పరీక్షకి పోతున్నాను.

నిన్నటి ఫొటో చూసి భయపడ్డాను. ఆకాశం అంతా గోధుమరంగు. బండి కదిలినట్టు లేదు. ఏమైంది? ఎర్ర పెన్సిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

అత్త


జూలై 11

అత్తా,

నిద్ర లేకుండా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నువ్వు చూసింది దుమ్ము. రెండు రోజులు సూర్యుడు మసకబారాడు, బ్యాటరీ సగానికి పడిపోయింది. కదలొద్దన్నారు. ఆ రెండు రోజులూ మా గదిలో మనుషులు తుమ్మడానికి కూడా భయపడ్డారు. తర్వాత గాలి వీచి దుమ్ముతో పాటు పలకల మీద ఉన్నది కూడా ఊడ్చుకుపోయింది! ఎవరం అడగలేదు, దానంతటదే. కానీ పోయిన రోజులు పోయాయి. నిన్న పొద్దునకి యాభై రెండు మీటర్లు మిగిలింది. చివరి పదిహేను గుట్ట ఎక్కడమే. మిగిలిన బ్యాటరీ ఒక్క ప్రయాణానికి. మధ్యలో ఆగితే అక్కడే.

చీటీ ఎవరు రాయాలి అని ప్రశ్న వచ్చింది. తాతగారు పెన్ను తీసి నా ముందు పెట్టాడు. మూడు గంటలు రాశాను, ఆయన ప్రతి గీతా చూశాడు. పంపేశాం.

తర్వాత చేసేదేమీ లేదు. అది అక్కడ ఎక్కుతోందో, జారిందో తెలియాలంటే మాకు కబురు అందాల్సిందే. ఒకాయన గది చుట్టూ తిరుగుతున్నాడు. మా పెద్దావిడ తన టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. అనుకున్న వేళ దాటింది. ఒక నిమిషం. రెండు. మూడు. నా పక్కన తాతగారు నెమ్మదిగా నా కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

నాలుగో నిమిషంలో ముందు అంకెలొచ్చాయి. బండి ఎంత వంగి ఉందో చెప్పే అంకె: ఉత్తరానికి పదకొండు డిగ్రీలు. అంటే వాలు మీద ఉంది! ఎవరూ అరవలేదు. ఇంకా నమ్మకం లేదు. ఫొటో రావాలి. పై అంచు నుంచి ఒక్కో పట్టీ దిగింది: ఆకాశం, దూరంగా మేం వదిలొచ్చిన మైదానం, ఇసుక, దాని చుట్టూ తిరిగిన మా గాడి. చివరి పట్టీలో బండి పలక, దాని మీద నిండుగా ఎండ.

అప్పుడు అరిచామత్తా. ఎవరిని ఎవరు కౌగిలించుకున్నారో తెలియదు. నేను ఏడ్చాను. మా పెద్దావిడ నా తల మీద చెయ్యి వేసి, "మీ అత్తకి ఎవరు చెబుతారు?" అంది. ఉత్తరం రాస్తానన్నాను. "మూడు రోజులా! ఆవిడని అంతసేపు ఆపుతావా?" అంది. కానీ నువ్వు అప్పటికే ఫొటో చూసేసి ఉంటావని నాకు తెలుసు.

చూశావా? పరీక్ష ఏమైంది?

నీ గిలక


జూలై 14

గిలకా,

చూశాను.

పదో తేదీ సాయంత్రం కంప్యూటర్ ముందు కుట్టుపని ఆవిడ, పేపరాయన, మీ నాన్న, నేను. ఆ రోజు ఫొటోల పేజీ మీ నాన్న ఎన్నిసార్లు నొక్కాడో, మీట ఊడొస్తుందేమో అనుకున్నాను. వచ్చింది. అందరికన్నా ముందు కుట్టుపని ఆవిడే చూసింది. పలక మీద ఎండని వేలితో చూపించింది. అంతే, నేను లేచి వీధిలోకి పరిగెత్తాను. "చేరిందీ!" అని అరిచాను.

నేనెంత గట్టిగా అరిచానో నాకు తెలియదు కదే. ఎదురింటి వాళ్ళు, పక్క వీధి వాళ్ళు, మందుల షాపాయన, అందరూ బయటికొచ్చేశారు. ఎవరో నిప్పంటుకుందనుకుని బకెట్ నీళ్ళు కూడా తెచ్చారు. "ఎవరు చేరారు? ఎక్కడికి?" అని నోళ్ళు కదులుతున్నాయి. మీ నాన్న మెట్ల మీద నిలబడి కథంతా చెప్పాడు. చివరికొచ్చేసరికి ఆయన గొంతు పోయినట్టుంది, నోరు కదులుతోంది కానీ అందరూ చెవులు ముందుకి పెట్టారు. తర్వాత వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. నాకు చేతులు కనిపించాయి. చాలు.

పరీక్ష పాసయ్యాను. ఆ అధికారి నా పక్కన కూర్చుని నగరమంతా తిప్పించాడు. కావాలని అంబులెన్స్ దారిలోకి, మార్కెట్‌లోకి. దిగాక కాగితం మీద సంతకం చేసి, వెనక పెన్సిల్‌తో రాశాడు: "నేను నాలుగుసార్లు అద్దం చూసేసరికి మీరు పదిసార్లు చూశారు." ఆ కాగితం ఓనర్ బల్ల మీద పెట్టాను. నా సీటు నాకిచ్చాడు. ఇచ్చాడు కదా అని ఊరుకోలేదు. వినిపించనివాళ్ళకి ప్రత్యేకంగా ఒక బ్యాచ్ పెట్టమన్నాను. ఎవరొస్తారన్నాడు. మర్నాటికి కుట్టుపని ఆవిడ తనలాంటివాళ్ళని ఆరుగుర్ని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

ఈరోజే మొదటి క్లాసు. మొదట ఆవిడే కూర్చుంది. స్టీరింగ్‌ని మెడ మీద పట్టిన పిల్లిలా పట్టుకుంది. క్లచ్ వదిలింది, కారు ఎగిరి ఆగింది. మళ్ళీ. మళ్ళీ ఆగింది. మూడోసారి కదిలింది. గేటు నుంచి టైర్ల షాపు దాకా తిన్నగా పోయి, తనే బ్రేకు వేసి, నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది.

దిగి కొలిచాను. అరవై నాలుగు మీటర్లు. మీ ఆఫీసులో చెప్పు.

అత్త